యెరూషలేము బిషప్పులు ఎవరి వైపు?

మీరు అడిగింది ఇది. మీ సంఘంలో ప్రతి ఆదివారం "యెరూషలేము క్షేమం కోసం" ప్రార్థన చేస్తారు, వేదిక పక్కన ఇజ్రాయెల్ జెండా కూడా పెట్టారు. వార్తల్లో చూస్తే అదే యెరూషలేములో ఉన్న బిషప్పులు, పాట్రియార్కులు (పాత సంఘాల పెద్ద బిషప్పులు) ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని తప్పుపడుతున్నారు. క్రైస్తవులై ఉండి అలా ఎందుకు మాట్లాడుతున్నారు, వాళ్లు ఎవరి వైపు, వాళ్ల శాంతి మాటల వల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా అని.

నేను పండితుణ్ణి కాదు. పదిహేడేళ్లు విజయవాడ, హైదరాబాదుల నుంచి పరిశుద్ధ దేశ యాత్రలకు జనాన్ని తీసుకెళ్లినవాణ్ణి. మొదట్లో నాకూ మీలాంటి జెండానే ఉండేది, బస్సు ముందు అద్దానికి కట్టేవాణ్ణి. అది తీసేయమని ఎవరూ చెప్పలేదు. బేత్లెహేములో ఒకాయన నా వైపు చూసిన చూపుతో నేనే తీసేశాను.

మా యాత్ర అమ్మాన్‌లో మొదలై, జోర్దాను నది వంతెన దాటి, యెరూషలేము చేరేది. అక్కడ ఇజ్రాయెలీ గైడు ఎక్కేవాడు. బేత్లెహేము దగ్గరికి వచ్చేసరికి అతను దిగిపోతాడు. పాలస్తీనా అధికారం కింద ఉన్న ఊళ్లలోకి ఇజ్రాయెల్ పౌరులు రాకూడదని పెద్ద ఎర్ర బోర్డు ఉంటుంది. ఇజ్రాయెల్ కట్టిన గోడకు అవతలి వైపు ఇంకో గైడు మనకోసం ఎదురుచూస్తుంటాడు. యెరూషలేము పాతబస్తీ నుంచి బేత్లెహేముకు తొమ్మిది కిలోమీటర్లు కూడా ఉండదు. విజయవాడ నుంచి గన్నవరానికి సగం దారి అనుకోండి. అంత దూరానికి ఇద్దరు గైడ్లు, మధ్యలో ఎనిమిది మీటర్ల కాంక్రీటు గోడ.

ఒకసారి గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మగారు బేత్లెహేము గైడుని అడిగారు: "నాయనా, మీ ఇంట్లో ముందు ఎవరు రక్షణలోకి వచ్చారు?" అరబ్బు పేరు, అరబ్బు భాష, కాబట్టి మొన్న మొన్ననే మారి ఉంటారని ఆవిడ అనుకున్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. అతను నవ్వి, "పెంతెకొస్తు రోజునమ్మా" అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. బస్సులోనే బైబిలు తీసి అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం, ఆ మొదటి పెంతెకొస్తు సంగతి, చదివారు. పదకొండో వచనం దగ్గర ఆగిపోయారు. అక్కడ "అరబీయులు" అని ఉంది. నలభై ఏళ్లుగా చదువుతున్న వచనం. ఆ మాట కంట పడటం అదే మొదటిసారి అన్నారు.

మీ ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది. అక్కడి బిషప్పులు బయటి నుంచి వచ్చి తీర్పు చెప్పే పెద్దమనుషులు కారు. వాళ్ల సంఘస్తుల్లో చాలామంది పాలస్తీనీయులే. 2017 జనగణన ప్రకారం వెస్ట్ బ్యాంక్, గాజాల్లో కలిపి క్రైస్తవులు సుమారు 47 వేలు. 2023 యుద్ధానికి ముందు గాజాలో వెయ్యి మంది. ఇజ్రాయెల్ లోపల లక్షా ఎనభై వేల చిల్లర ఉన్నారు, వాళ్లలోనూ ఎక్కువమంది అరబ్బులే, ఇజ్రాయెల్ పౌరసత్వం ఉన్నవాళ్లు. అంటే ఒకే బిషప్పు మందలో కొంతమంది గోడకు ఇటు, కొంతమంది అటు.

ఇంకో సంగతి మన పత్రికల్లో పెద్దగా రాదు. కతోలికుల్లో హీబ్రూ మాట్లాడేవాళ్లకు యెరూషలేము పీఠం (బిషప్ అధికార పరిధి) కింద ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. పని కోసం వచ్చిన ఫిలిప్పీన్స్‌వాళ్లు, మన ఇండియావాళ్లు కూడా ఆ పీఠం పరిధిలోనే ఉంటారు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వెళ్లి టెల్ అవీవ్‌లో ముసలివాళ్లను చూసుకునే తెలుగువాళ్లను మీరు ఎరిగే ఉంటారు. అలాంటి పనివాళ్లు సైరన్ మోగితే షెల్టర్‌లోకి పరిగెడతారు. అదే పీఠం కింద గాజాలో ఉన్న కతోలికులకు పరిగెత్తడానికి షెల్టర్ లేదు. ఈ రెండు గుంపులకూ కాపరి ఒక్కడే. అడకత్తెరలో పోకచెక్క అంటాం కదా, ఆయన పరిస్థితి అది.

ఆయన పేరు పియెర్‌బాటిస్టా పిట్సబల్లా. ఇటలీవాడు, ఫ్రాన్సిస్కన్ సన్యాసి. హీబ్రూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. 1995లో కతోలిక పూజ గ్రంథాన్ని హీబ్రూలో తెచ్చిన పనిలో ముందున్నది ఆయనే. 2020లో లాటిన్ పాట్రియార్క్, అంటే అక్కడి రోమన్ కతోలికుల పెద్ద, అయ్యాడు, 2023 సెప్టెంబరు 30న కార్డినల్. సరిగ్గా వారానికి అక్టోబరు 7 వచ్చింది. (2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్నప్పుడు మన హైదరాబాద్ కార్డినల్ పూల ఆంథోనీ గారూ ఈయనా ఒకే గదిలో ఓటు వేశారు. మనకూ వాళ్లకూ దూరం మరీ అంత ఎక్కువేం కాదు.)

ఆ రోజు గాజా నుంచి హమాస్ సాయుధులు ఇజ్రాయెల్ మీద చేసిన దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 250 మందిని బందీలుగా ఎత్తుకుపోయారు. యెరూషలేము సంఘాధిపతులు వెంటనే ఒక ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. ఇరువైపులా హింస ఆపాలి అన్నారు, హమాస్ పేరు మాత్రం ఎత్తలేదు. వాటికన్‌లోని ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం మండిపడింది, గోడమీద పిల్లివాటం మాటలు మాట్లాడుతున్నారని. నా ఉద్దేశంలో ఆ కోపం న్యాయమైందే. శవాలు ఇంకా లేపకముందు "ఇరువైపులా" అన్నమాట ఎవరికైనా గుచ్చుకుంటుంది.

ఆ తరవాత పిట్సబల్లా చేసింది చూడండి. అక్టోబరు 16న విలేకరులు అడిగితే, బందీలుగా ఉన్న పిల్లలను వదిలేస్తానంటే వాళ్ల బదులు తాను వెళ్లడానికి సిద్ధమేనన్నాడు. అది ప్రకటన కోసం రాసుకొచ్చిన మాట కాదు, ప్రశ్నకు జవాబుగా వచ్చింది. అక్టోబరు 24న తన సంఘాలకు ఉత్తరం రాశాడు. అందులో అక్టోబరు 7న జరిగినదాన్ని ఏ సాకుతోనూ ఒప్పుకోలేం, ఖండించక తప్పదు అని సూటిగా రాశాడు. ఆ పక్కనే, అదే మనస్సాక్షితో అంటూ, గాజాలో అప్పటికే వేలల్లో చనిపోయారనీ, వాళ్లలో ఎందరో పిల్లలనీ రాశాడు. దశాబ్దాల ఆక్రమణ ముగియకుండా, పాలస్తీనీయులకు ఒక దేశంగా బతికే దారి కనబడకుండా శాంతి మొదలుకాదని కూడా రాశాడు. మొదటి ముక్క చదివి పాలస్తీనీయుల్లో కొందరు, రెండో ముక్క చదివి ఇజ్రాయెలీల్లో కొందరు నొచ్చుకునే ఉత్తరం అది.

ఇక గాజా సంగతి. అక్కడ కతోలికులకు ఉన్నది ఒకే ఒక్క విచారణ (పారిష్‌ను కతోలికులు అలా అంటారు), పవిత్ర కుటుంబ దేవాలయం. దానికి దగ్గర్లోనే ఐదో శతాబ్దంలో మొదలైన గ్రీకు ఆర్థడాక్స్ వాళ్ల పోర్ఫిరియస్ దేవాలయం. 2023 అక్టోబరు 19 రాత్రి ఆ ఆవరణ మీద బాంబు పడి, లోపల తలదాచుకున్న పదహారు మందికి పైగా చనిపోయారు. పవిత్ర కుటుంబ ఆవరణలోనూ ఆ డిసెంబరులో తల్లీ కూతురూ తూటాలకు బలయ్యారు. అక్కడ వందలమంది నేల మీదే పడుకుంటూ నెలల తరబడి గడిపారు.

పోప్ ఫ్రాన్సిస్ ఆ దేవాలయానికి దాదాపు ప్రతి సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో ఫోన్ చేసేవాడు. సెక్రటరీ చేత కాదు, స్వయంగా. "ఈ రోజు ఏం తిన్నారు?" అని అడిగేవాడు. 2025 జనవరిలో ఒకరోజు సభలో చెప్పాడు, ఈ రోజు వాళ్లు పప్పు, చికెన్ తిన్నారట, సంతోషంగా ఉన్నారు అని. ఊళ్లో ఉన్న అమ్మ హాస్టల్లో ఉన్న కొడుక్కి చేసే ఫోన్ అలాగే ఉంటుంది కదా. చనిపోవడానికి రెండు రోజుల ముందు, ఈస్టర్ ముందు శనివారం కూడా చేశాడు. దానివల్ల యుద్ధం ఆగిందా? ఆగలేదు. కానీ ఆ విచారణలోని ఫాదర్లు ఆ ఫోన్ కోసం ఎదురుచూసేవాళ్లమని చెప్పారు. అంతవరకు నిజం.

2025 జులై 17న ఆ దేవాలయానికే నేరుగా దెబ్బ తగిలింది. ముగ్గురు చనిపోయారు, విచారణ గురువు కాలికి గాయమైంది. గురి తప్పిన గుండు అని ఇజ్రాయెల్ విచారం చెప్పింది. మర్నాడే పిట్సబల్లా, గ్రీకు ఆర్థడాక్స్ పాట్రియార్క్ థియోఫిలోస్ కలిసి గాజాలోకి వెళ్లారు. ఆగస్టులో గాజా నగరం ఖాళీ చేయమని సైన్యం చెప్పినప్పుడు, నడవలేనివాళ్లు, వికలాంగులు మా దగ్గర ఉన్నారు, వాళ్లను కదిలించడమంటే చంపడమే, కాబట్టి మా ఫాదర్లు, సిస్టర్లు ఇక్కడే ఉంటారు అని ఈ రెండు పీఠాలూ కలిసి ప్రకటించాయి.

ఆ ఇద్దరూ "కలిసి" అన్నది మీకు మామూలుగా అనిపించవచ్చు. యెరూషలేము సంఘాధిపతుల కూటమిలో ఉన్న సంఘాలు పదమూడు: గ్రీకులు, లాటిన్లు, అర్మేనియన్లు, కోప్తులు, సిరియన్లు, ఇథియోపియన్లు, ఆంగ్లికన్లు, లూథరన్లు, ఇంకా కొందరు. పవిత్ర సమాధి దేవాలయంలో ఏ మెట్టు ఎవరు ఊడవాలన్నదాని మీద సన్యాసులు కలబడి కొట్టుకున్న రోజులున్నాయి. 2008లో పోలీసులు వచ్చి విడదీయాల్సి వచ్చింది. ముఖద్వారం పైన కిటికీ కింద ఒక చెక్క నిచ్చెన ఉంటుంది. 18వ శతాబ్దం నుంచి దాన్ని అక్కణ్ణుంచి తీయడానికి ఒకరు ఒప్పుకుంటే ఇంకొకరు ఒప్పుకోరు. తలుపు తాళం రెండు ముస్లిం కుటుంబాల చేతిలో ఉంది, తరతరాలుగా. మావాళ్లకు ఆ నిచ్చెన చూపిస్తే, "మా సంఘంలో మైకు గొడవ ఇంతకంటే నయం" అంటారు. అలాంటివాళ్లు ఒకే కాగితం మీద సంతకం పెట్టారంటే, ఆ కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఇప్పటి యుద్ధంతోనే ఇదంతా మొదలైందనుకోకండి. వెనక్కి వెళ్తే గలిలయలో రెండు ఊళ్ల కథ ఉంది. ఇక్రిత్, కఫ్ర్ బిరిమ్. రెండూ క్రైస్తవ గ్రామాలు, లెబనాన్ సరిహద్దు దగ్గర. 1948 నవంబరులో ఇజ్రాయెల్ సైన్యం వచ్చి, భద్రత కోసం కొన్నాళ్లు ఊరు ఖాళీ చేయండి, మళ్లీ రావచ్చు అంది. ఇక్రిత్‌వాళ్లకు రెండు వారాలు అన్నారు. తాళాలు వేసుకుని వెళ్లారు. తిరిగి రానివ్వలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లి 1951 జులైలో గెలిచారు కూడా. ఆ ఏడాది క్రిస్మస్ ముందు రోజు సైన్యం ఇక్రిత్ ఇళ్లన్నీ పేల్చేసింది, గుడి ఒక్కటి మిగిలింది. 1953 సెప్టెంబరులో బిరిమ్‌ని విమానాలతో కూల్చారు. ఊరివాళ్లు ఎదుటి కొండ మీద నుంచి చూస్తూ ఉండిపోయారు. గమనించండి, వీళ్లు తుపాకీ పట్టినవాళ్లు కారు, ఇజ్రాయెల్ పౌరులుగా ఉన్నవాళ్లు.

1968లో గలిలయకు మెల్కైట్ (గ్రీకు ఆచారం పాటించే కతోలికుల) ఆర్చిబిషప్‌గా జోసెఫ్ రాయా వచ్చాడు. అంతకుముందు అమెరికాలో, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఫాదర్‌గా ఉండి మార్టిన్ లూథర్ కింగ్‌తో పాటు నడిచినవాడు. ఆ పద్ధతే ఇక్కడికీ తెచ్చాడు. 1972లో ఈ రెండు ఊళ్ల కోసం ఊరేగింపులు తీశాడు, ఇజ్రాయెలీ యూదులు కూడా ఆ నడకలో కలిశారు. ఒక ఆదివారం తన పీఠం కింద ఉన్న గుళ్లన్నీ మూసేయించాడు, ఈ దేశంలో న్యాయం చచ్చిపోయింది, ఈ రోజు సంతాపదినం అని. ప్రధాని గోల్డా మెయిర్ ఒప్పుకోలేదు. ఒక్క ఊరికి ఇస్తే మిగతా ఊళ్లన్నీ అడుగుతాయన్నది ఆవిడ భయం. రాయా రెండేళ్లకు పదవి వదిలేశాడు.

బిరిమ్‌లో పెరిగిన పిల్లవాడొకడు, ఎలియాస్ షకూర్, ఫాదర్ అయి 1965లో ఇబిల్లీన్ అనే ఊరికి వచ్చాడు. ఊరు నిండా కొట్లాటలు. అన్నదమ్ములు నలుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, అందులో ఒకడు పోలీసు. ఒక మట్టల ఆదివారం (కతోలికులు మ్రానికొమ్మల ఆదివారం అంటారు) గుడి నిండా జనం ఉండగా షకూర్ పూజ అయిపోయాక వెళ్లి తలుపులకు లోపలి నుంచి గొలుసు వేసి తాళం పెట్టాడు. మీరు ఒకరినొకరు చంపుకోండి, కర్మకాండలు నేను ఉచితంగా చేస్తాను, లేదా సమాధానపడండి, అప్పటిదాకా తలుపు తీయను అన్నాడు. పది నిమిషాలు ఎవరూ కదల్లేదు. చివరికి ఆ పోలీసే లేచి, చేతులు చాచి, అందరినీ క్షమాపణ అడిగాడు. ఆ రోజు సాయంత్రం దాకా జనం ఇంటింటికీ తిరిగారట. ఆ ఊళ్లోనే షకూర్ తరవాత పెద్ద బడి కట్టాడు. క్రైస్తవులు, ముస్లింలు, ద్రూజులు (అక్కడి ఇంకో మతంవాళ్లు) కలిసి చదువుతారు, యూదు టీచర్లూ పనిచేశారు. 2006లో ఆయనే రాయా కూర్చున్న పీఠం మీద కూర్చున్నాడు.

బిరిమ్, ఇక్రిత్ ఊళ్లవాళ్లు ఇప్పటికీ ఇళ్లు కట్టుకోవడానికి వెళ్లలేరు. కానీ 1970ల నుంచి చనిపోయినవాళ్లను అక్కడ పాతిపెట్టుకోనిస్తున్నారు. గుడిలో పూజలు, పెళ్లిళ్లు జరుగుతాయి. ఇన్నేళ్ల పోరాటానికి ఇంతేనా అంటారా? ఇంతే.

పెద్ద పెద్ద ఒప్పందాల చరిత్ర ఇంతకంటే దిగులుగా ఉంటుంది. 2002 జనవరిలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ (ప్రపంచ ఆంగ్లికన్ల పెద్ద) జార్జి కేరీ పూనికతో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదు రబ్బీలు, ముస్లిం షేకులు, క్రైస్తవ బిషప్పులు కలిసి సంతకాలు చేశారు, దేవుని పేరుతో అమాయకులను చంపడం దేవుణ్ణి అవమానించడమే అని. రెండు నెలలకు పస్కా పండగ రాత్రి ఇజ్రాయెల్‌లోని నెతన్యా ఊళ్లో ఒక హోటల్లో ఆత్మాహుతి బాంబు పేలి ముప్పై మంది పోయారు. వెంటనే ఇజ్రాయెల్ సైన్యం వెస్ట్ బ్యాంక్ ఊళ్లలోకి దిగింది. ఏప్రిల్ 2 నుంచి 39 రోజులు బేత్లెహేము జనన దేవాలయమే ముట్టడిలో ఉంది, లోపల సాయుధులు, సన్యాసులు, మామూలు జనం. అయితే అలెగ్జాండ్రియాలో పరిచయమైన మనుషులు ఆ ముట్టడి విప్పే చర్చల్లో పనికొచ్చారు. కాగితం పోయినా ఫోన్ నంబర్లు మిగిలాయన్నమాట. 2014 జూన్ 8న పోప్ ఫ్రాన్సిస్ ఇజ్రాయెల్ అధ్యక్షుడు షిమోన్ పెరెస్‌నీ, పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్‌నీ వాటికన్ తోటకు పిలిచి కలిసి ప్రార్థించి ఒలీవ మొక్క నాటించాడు. సరిగ్గా నెలకు గాజా యుద్ధం మొదలైంది.

స్థానిక క్రైస్తవులు సొంతంగా రాసుకున్నది 2009 డిసెంబరులో వచ్చిన కైరోస్ పత్రం. దక్షిణాఫ్రికా క్రైస్తవులు 1985లో వర్ణవివక్ష మీద రాసిన పత్రం పేరే దీనికీ పెట్టుకున్నారు. రాసినవాళ్లలో ముఖ్యుడు మిషెల్ సబ్బాహ్, నజరేతువాడు, 1987లో లాటిన్ పాట్రియార్క్ అయిన మొదటి పాలస్తీనీయుడు. లూథరన్ పాస్టర్ మిత్రి రాహెబ్ కూడా అందులో ఉన్నాడు. ఆక్రమణ దేవునికీ మనుషులకూ విరోధమైన పాపం అని రాశారు. ఎదిరించాలి, కానీ ప్రేమతో ఎదిరించాలి, శత్రువులో కూడా దేవుని రూపం చూడాలి అన్నారు. దానితో పాటు ఆర్థిక బహిష్కరణకూ పిలుపునిచ్చారు.

యూదు సంస్థలు చాలా దీన్ని గట్టిగా ఖండించాయి. ఊరికే కాదు. యూరప్‌లో వందల ఏళ్లు చర్చిలే యూదులను క్రీస్తు హంతకులని ముద్ర వేశాయి. ఆ నేరాన్ని యూదు జాతి మొత్తానికి అంటగట్టకూడదని కతోలిక సంఘం అధికారికంగా చెప్పింది 1965లో, హిట్లర్ కాలంలో ఆరవై లక్షల మంది యూదులు చచ్చిన ఇరవై ఏళ్లకు. బహిష్కరణ అన్న మాట వినగానే వాళ్లకు 1933 జర్మనీలో యూదు దుకాణాల ముందు కాపలా కాసిన నాజీలు గుర్తొస్తారు. పాలస్తీనా క్రైస్తవుడేమో, యూరప్‌వాడి పాపానికి మా పొలం ఎందుకు పోవాలి అంటాడు. ఈ రెండూ నేను అదే ఊళ్లలో, ఒకే వారంలో, ఇద్దరు గైడ్ల నోట విన్నవే. ఇద్దరికీ ఎదురు చెప్పలేకపోయాను.

నాకు బాగా దగ్గరగా తెలిసింది క్రెమిసాన్ లోయ. బేత్లెహేము పక్కన బేత్ జాలా ఊరు, కింద మెట్లు మెట్లుగా ఒలీవ తోటలు, సలేసియన్ ఫాదర్ల మఠం, సిస్టర్ల బడి. గోడ ఆ లోయ మధ్య నుంచి వెళ్లేలా గీశారు, 58 క్రైస్తవ కుటుంబాల పొలాలు అవతలికి పోతాయి. విచారణ గురువు ప్రతి శుక్రవారం చెట్ల కింద పూజ చేసేవారు. మా బృందాన్ని ఒకసారి తీసుకెళ్లాను. బల్ల మీద తెల్ల గుడ్డ, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు. ప్లాస్టిక్ కుర్చీలు ముసలివాళ్లకు, మిగతావాళ్లు రాళ్ల మీద కూర్చున్నారు. అరబిక్‌లో పరలోక ప్రార్థన చెబుతుంటే మావాళ్లు తెలుగులో అందుకున్నారు, రెండూ ఒకేసారి ముగియలేదు, మనవాళ్లది కొంచెం లేటు. నినాదాల్లేవు, రాళ్లు విసరడం లేదు. కోర్టులో కేసు నడిపింది సబ్బాహ్ స్థాపించిన సెయింట్ ఈవ్స్ అనే న్యాయ సహాయ సంస్థ. 2015 ఏప్రిల్‌లో కోర్టు ఆ దారిలో గోడ వద్దంది. గంటలు కొట్టారు. జులైలో, మేం మఠం గురించే చెప్పాం, పొలాల గురించి కాదు అంది. ఆగస్టు 17న బుల్డోజర్లు వచ్చాయి, తాతల నాటి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది గానీ, ఈ నాయకులందరూ మచ్చలేనివాళ్లని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. 1974లో యెరూషలేము మెల్కైట్ ఆర్చిబిషప్ హిలారియన్ కాపుచ్చి తన కారులో పాలస్తీనా విమోచన సంస్థకు ఆయుధాలు తరలిస్తూ పట్టుబడి పన్నెండేళ్ల శిక్ష వేయించుకున్నాడు. వాటికన్ జోక్యంతో మూడేళ్లకు బయటపడ్డాడు. బిషప్ కారును సోదా చేయరన్న గౌరవాన్ని అలా వాడుకున్నాడు. దాన్ని శాంతి అనలేం. 2005లో గ్రీకు ఆర్థడాక్స్ పాట్రియార్క్ ఇరినియోస్‌ని పదవి నుంచి దింపేశారు, యాఫా ద్వారం దగ్గర సంఘం ఆస్తులు యూదు సెటిలర్ల (ఆక్రమిత ప్రాంతాల్లో కాపురాలు పెట్టేవాళ్ల) సంస్థకు లీజుకు పోయిన గొడవలో. పై స్థాయిలో గ్రీసువాళ్లు, కింద సంఘంలో అరబ్బులు, ఆ కడుపుమంట ఈ రోజుకీ ఉంది. చర్చి ఆస్తుల గొడవలు మనకు కొత్తేం కాదు కాబట్టి ఇంకా వివరించను.

ఇక మీ జెండా సంగతి. ఇజ్రాయెల్ రాజ్యాన్ని ప్రవచన నెరవేర్పుగా చూసి, దాని ప్రభుత్వం ఏం చేసినా ఆశీర్వదించాలనే బోధ అమెరికా నుంచి టీవీల ద్వారా మన దాకా వచ్చింది. దాని మీద యెరూషలేములోని నలుగురు సంఘాధిపతులు, లాటిన్, సిరియన్ ఆర్థడాక్స్, ఆంగ్లికన్, లూథరన్, 2006 ఆగస్టులో ఒక ప్రకటన చేశారు, ఈ బోధ సువార్తలోని ప్రేమకు, న్యాయానికి, సమాధానానికి పొసగదని. అంటే మనం యెరూషలేము కోసం పట్టుకున్న జెండాను యెరూషలేము సంఘమే వద్దంటోంది. మీ పాస్టర్ గారితో తగువు పెట్టుకోమనను. 122వ కీర్తన ఆరో వచనం దగ్గర ఆపకుండా ఎనిమిదో వచనం దాకా చదవమని మర్యాదగా అడగండి. "నా సహోదరుల నిమిత్తమును" అని ఉంటుంది. ఆ సహోదరులెవరని సంఘంలోనే ఎవరో ఒకరు అడుగుతారు.

మీది ఏ సంఘమో చెప్పలేదు. సీఎస్ఐ అయితే, ఆంగ్లికన్ మూలాలున్న సంఘం కాబట్టి, గాజాలో అల్ అహ్లీ ఆసుపత్రి మీ బంధువులదే. యెరూషలేము ఆంగ్లికన్ బిషప్ కింద నడుస్తుంది, 1882లో మొదలైంది. 2023 అక్టోబరులో అక్కడ జరిగిన పేలుడుకు కారణం నువ్వంటే నువ్వని రెండు వైపులా వాదించుకున్నారు. 2025 మట్టల ఆదివారం తెల్లవారుజామున మళ్లీ దాడి జరిగింది, ఈసారి ఇజ్రాయెల్ తానే చేసినట్టు చెప్పింది. ఏఈఎల్‌సీ అయితే, 2023 క్రిస్మస్‌కు బేత్లెహేములో రాళ్ల కుప్ప మధ్య బాలయేసు బొమ్మను పడుకోబెట్టిన చర్చి మీ లూథరన్ కుటుంబానిదే. ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) అయితే, పవిత్ర శుక్రవారం నాడు మీరు వేసే కానుక ప్రపంచమంతటా పరిశుద్ధ దేశం కోసమే పడుతుంది. ఆ డబ్బు బళ్లకు, విచారణలకు, అక్కడ మిగిలిన కుటుంబాల ఇళ్లకు వెళ్తుంది.

ఏమైనా ఒరిగిందా అంటే: యుద్ధం ఒక్కటీ ఆగలేదు. ఇబిల్లీన్‌లో బడి నడుస్తోంది. లత్రూన్ మఠం సన్యాసులు ఇచ్చిన నేల మీద బ్రూనో హుస్సార్ అనే డొమినికన్ ఫాదర్, కైరోలో యూదు ఇంట పుట్టినవాడు, మొదలుపెట్టిన నెవె షాలోం ఊళ్లో యూదులు, పాలస్తీనీయులు సగం సగంగా కాపురం ఉంటున్నారు, పిల్లలు ఒకే బడిలో రెండు భాషలూ నేర్చుకుంటున్నారు. మొదట్లో ఏళ్ల తరబడి ఆయన కరెంటు, నీళ్లు లేని ఆ కొండ మీద ఉన్నాడు. ఇలాంటివే మిగిలాయి. ప్రకటనల మీద నాకు నమ్మకం పోయింది గానీ వీటి మీద పోలేదు.

ఆంధ్ర ప్రభుత్వం యెరూషలేము యాత్రకు సాయం ఇచ్చే పథకం ఉండేది. 2019లో మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు అరవై వేలకు పెంచారు. అలా వచ్చిన చాలామంది బేత్లెహేములో ఒక పూట దిగి, గుహ చూసి, ఒలీవ చెక్క సిలువ బేరమాడి కొని, బస్సెక్కేస్తారు. వీలైతే ఒక ఆదివారం అక్కడ ఉండేలా టూర్ వాళ్లను అడగండి. వాళ్ల ఆరాధనలో కూర్చోండి, తరవాత కాఫీ ఇస్తారు, ఏలకులు వేసి, చిన్న కప్పులో. వాళ్లు చెప్పేది వినండి. బేరం కూడా మరీ గట్టిగా ఆడకండి.

యుద్ధం మొదలయ్యాక నా యాత్రలు ఆగిపోయాయి. బేత్లెహేము గైడుకి పని లేదు, కొడుకు చిలీలో ఉన్న మేనమామ దగ్గరికి వెళ్లిపోయాడు. గుంటూరు అమ్మగారు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మన పెంతెకొస్తు అబ్బాయి ఎలా ఉన్నాడు, ఫోన్ చేశాడా?" అని అడుగుతారు. మొన్న అతనికి ఆ మాట చెబితే, ఆవిడను అక్కడి సంఘం కోసం కూడా ప్రార్థించమని చెప్పు, జెండా అక్కర్లేదు అన్నాడు.